గాజు కొంగలూ, గొడౌను మేడమూ

నేను చేసిన తెలివితక్కువ పనుల్లోకెల్లా పెద్దది ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్తాను. కాస్త మీసం తిప్పి మరీ చెప్తాను. పటమటలో మెయిన్ రోడ్డుకి కూతవేటు దూరంలో ఉన్న మా గొడౌనుని, టైర్ల డీలరొకాయన అడ్వాన్సు జేబులో పెట్టుకుని నా చుట్టూ తిరుగుతుండగా, ఆయన ఇస్తానన్నదాంట్లో ఇంచుమించు సగానికి, ఏమీ అమ్మని మనిషికి అద్దెకిచ్చాను. తగ్గించమని ఆవిడ అడగలేదు. నేనే తగ్గించాను. అదీ రెండు విడతలుగా. మా బజారు మొత్తంలో ఇంత గొప్ప బేరం చేసినవాడు ఇంకొకడుంటే చూపించమనండి.

ఆవిడ గొడౌను చూడటానికి వచ్చిన పూట ఇంకా కళ్ళముందే ఉంది. నలభైకి ఇవతల ఉన్న మనిషి. నలిగిన నూలు జుబ్బా, జుట్టు ముడిలో గుచ్చిన పెన్సిలు, పాత స్కూటరు. నేను షట్టరెత్తాను. ఆవిడ లోపలికొచ్చి ఎదురుగోడని చూసింది. వెనక్కి నాలుగడుగులు వేసి, తల ఓ పక్కకి వంచి, ఒక కన్ను సగం మూసింది.

నేను పుట్టి పెరిగింది గల్లాపెట్టె పక్కన. మా తాతది కొట్టు, మా నాన్నది కొట్టు, నాదీ కొట్టే. వన్ టౌన్‌లో గిఫ్టు సామాన్లు అమ్ముతాం. బేరం ఎక్కడ మొదలైందో తెలుసుకోవటానికి నాకు మాటలక్కర్లేదు, ఎదుటివాళ్ళ కాళ్ళు చాలు. కొనేవాడు అడుగు వెనక్కి వేశాడంటే ధర గొంతు దిగలేదని అర్థం. "ఆ గోడ కాస్త చెమ్మ పడుతుందమ్మా, దానికింద రెండు వేలు తగ్గించుకోండి" అన్నాను. ఆవిడ నా వైపు ఓసారి చూసి, పక్కగోడ దగ్గరికి వెళ్ళి, అక్కడా నాలుగడుగులు వెనక్కి వేసింది. గట్టి పిండమే అనుకున్నాను. టైర్ల డీలరు కూడా ఇంత నిబ్బరంగా బేరమాడలేదు. నాకూ పంతం వచ్చింది. వైరింగు పాతదని ఒప్పేసుకుని ఇంకో మూడు వేలు వదిలేశాను.

అప్పుడు నోరు విప్పింది. "వెలుతురు పైనుంచి భలే దిగుతోంది బాబాయ్ గారూ. ముందు చెప్పిన అద్దే ఇచ్చేద్దామని వచ్చాను. మీరే తగ్గించుకుంటూ పోతున్నారు, ఎందుకండీ?"

ఎందుకో నేనేం చెప్పను? నోరు జారిన ధర మళ్ళీ పైకెక్కకూడదని మా ఇంటి నియమం. తాత పెట్టాడు. తాతకేం, ఆయన ఎన్నడూ గొడౌన్లు అద్దెకివ్వలేదు.

ఆవిడ చేసింది బేరం కాదు, చూడటం. చూడటమే ఆవిడ వృత్తి. ఒక మనిషి ఏ లాభమూ ఆశించకుండా ఒక గోడని అంతసేపు చూడగలదని మా వంశంలో ఎవరికీ తెలియదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన వారం ఆ గొడౌన్లో కొత్తగా దిగిన పరుపుల వ్యాపారి ఫోన్ చేశాడు. గోడల నిండా మేకులున్నాయనీ, అన్నీ ఒకే వరసలో, బాగా కిందకి ఉన్నాయనీ, కొట్టినవాళ్ళు మరీ పొట్టివాళ్ళా ఏంటనీ అడిగాడు. నాకు నవ్వాగలేదు. ఆ మేకులు కొట్టేముందు ఆవిడ వాళ్ళమ్మని, మా ఆవిడని, ఎదురింటి టైలరమ్మని వరసగా గోడకి నిలబెట్టి, వాళ్ళ కళ్ళ ఎత్తున పెన్సిలుతో గీత గీసింది. చదువుకున్న చోట ఇంకా చాలా పైకి తగిలించటం నేర్పారట. "అక్కడ చూసేవాళ్ళు తాటిచెట్లంతేసి ఉంటారండీ. ఇక్కడ చూడాల్సింది వీళ్ళు కదా, మెడనొప్పులెందుకు?" అంది.

ఆవిడ పేరు రాయను. రాస్తే, పేరుని ఏ ఎత్తున పెట్టారని అడుగుతుంది.

ఆవిడ క్యూరేటరు. ఆ మాటకి అర్థం కనుక్కునే పని మా ఆవిడ పెట్టుకుంది. బొమ్మలు వేస్తావా అమ్మా అంటే లేదంది. అమ్ముతావా అంటే లేదంది. మరి ఏం చేస్తావంటే, ఎవరో చేసినవి ఏది దేని పక్కన పెడితే ఎట్లా కనపడుతుందో చూసి పెడతానంది.

"షోకేసు సర్దుతారే, అట్లానా?" అంది మా ఆవిడ.

ఇంకొకరైతే నవ్వేవాళ్ళు, లేదా నొచ్చుకునేవాళ్ళు. ఈవిడ తాగుతున్న టీ పక్కన పెట్టి, జుట్టులోంచి పెన్సిలు లాగి, చేతిలో ఏ కాగితముంటే దాని మీద ఆ ముక్క రాసుకుంది. ఆ కాగితం మా కరెంటు బిల్లు.

అంతకు కొన్నేళ్ళ ముందు ఓ చలిదేశంలో క్యూరేటర్ల పరిశోధన కార్యక్రమంలో ఆవిడకి చోటు దొరికింది. దేశానికొకరు చొప్పున ఎనిమిది మంది. ఏడాదిపాటు డబ్బులిచ్చి చదివించి, ఊళ్ళు తిప్పి, మ్యూజియాల అటకలు కూడా ఎక్కించి చూపించి, ఇక ఎవరి దారిన వాళ్ళు ఏం చేస్తారో చెయ్యండని పంపేశారు. ఆ ఎనిమిది మందీ ఆదివారాలు వీడియోలో మాట్లాడుకునేవాళ్ళు. అద్దె కోసం వెళ్ళినట్టు వెళ్ళి నేనూ వెనక నిలబడి చూసేవాణ్ణి. ఒకావిడ పెద్ద మ్యూజియంలో ఒక అంతస్తుకి అధికారి. ఒకాయన రెండేళ్ళకోసారి జరిగే ఏదో కళల జాతర నడిపిస్తున్నాడు. ఇంకొకాయన ఇవన్నీ మానేసి బేకరీ పెట్టుకున్నాడు. అందరి వెనకా తెల్లటి గోడలుంటే, ఈవిడ వెనక మా అట్టపెట్టెలూ, నేనూ. "మా బ్యాచ్‌లో నెలాఖరున నవ్వుమొహంతో కనపడేది బేకరీ ఆయనొక్కడేనండీ" అనేది.

వాళ్ళది గుణదల. తండ్రి రైల్వేలో చేసి రిటైరయ్యారు. తల్లికి ఒకటే దిగులు. మేరీమాత తిరునాళ్ళకి వచ్చిన చుట్టాలు అమ్మాయి ఏం చేస్తోందని అడుగుతారు. ఓ యేడు మ్యూజియం ఆఫీసరంది, ఓ యేడు లెక్చరరంది. "ఈ యేడు ఏం చెప్పమంటావే?" అని నా ఎదురుగానే అడిగింది. "బాబాయ్ గారికి అద్దె కడతన్నానని చెప్పమ్మా. అదైతే నిజం" అంది ఈవిడ.

ఆ అద్దె కట్టటానికి ఖాళీ వేళల్లో ఎవరెవరివో పుస్తకాల ప్రూఫులు దిద్దేది. ఆలస్యం మాత్రం ఎన్నడూ చెయ్యలేదు. అది కూడా నాకు నష్టమే, గట్టిగా అడిగే అవకాశం రాలేదు.

మా ఆవిడ అన్న షోకేసు మాట ఆవిడ బుర్రలో నాటుకుంది. ఓ మధ్యాహ్నం మా కొట్టుకొచ్చి, ఒక్కో వస్తువూ తిరగేసి అడుగుభాగం చూస్తూ, ఇవన్నీ ఎక్కడికి పోతాయండీ అని అడిగింది. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ పోయి, అక్కణ్ణుంచి ముందుగదిలో షోకేసులోకి పోయి, ఇక అక్కడే ఉండిపోతాయన్నాను. ఎవరు సర్దుతారు? ఇంటావిడ సర్దుతుంది. ఎవరికైనా ముట్టుకోనిస్తుందా? చేతులు విరగ్గొడుతుంది.

"అయితే ఈ డెల్టాలో ఇంటికో క్యూరేటరున్నట్టే కదా బాబాయ్ గారూ" అని వెళ్ళిపోయింది.

అదే ఆవిడ ప్రదర్శన. పది ఇళ్ళ నుంచి పది షోకేసులు, లోపలి సామానుతో సహా, ఎట్లా ఉన్నవి అట్లా తెచ్చి గొడౌన్లో నిలబెట్టటం. ఏ ఇంటి నుంచి ఏది తెచ్చిందో ఆ ముందుగది ఫొటో గోడకి తగిలించటం. మేకులు అందుకే. ఇళ్ళల్లోకి వెళ్ళటానికి ఆవిడకి ఒక తెలిసిన మొహం కావాలి. ఆ సామానంతా అమ్మిన మొహం నాది. నన్ను వెంటబెట్టుకుని తిరిగింది.

చల్లపల్లిలో ఓ రైతు కుటుంబం పెద్దావిడ షోకేసు అన్నిట్లోకీ రాజాలాంటిది. టేకుది, నాలుగు అరలది. ఆవిడ నన్ను చూడగానే, "ఏమయ్యా, ఇవన్నీ మీ నాన్న కొట్టులోయేగా. వాపసు తీసుకుంటానికి వచ్చావా?" అంది. మా కొట్టులో అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని బోర్డుందని గుర్తుచేశాను. ఈవిడ వాటిని అడిగి తీసుకెళ్ళి నెల్లాళ్ళు జనానికి చూపిస్తుందని చెప్తే, పెద్దావిడ చాలాసేపు ఆలోచించింది. ఈలోగా ఈవిడ సంచీలోంచి తెల్లటి నూలు గ్లవ్సు తీసి తొడుక్కుని, ప్లాస్టిక్ బుట్టలో ప్లాస్టిక్ ద్రాక్షగుత్తిని రెండు చేతులతో, పురిటిబిడ్డనెత్తినట్టు ఎత్తింది. పెద్దావిడ మెత్తబడిపోయింది. "మా కోడలు నన్ను కూడా అంత మర్యాదగా పట్టుకోదే అమ్మాయ్" అంది.

పై అరలో గాజు కొంగల జత ఒకటుంది. తెల్లటి కొంగలు, పొడుగు మెడలు, ఎర్రటి ముక్కులు. ఒకదానికొకటి వీపు పెట్టి నిలబడి ఉన్నాయి. మేం అమ్మేటప్పుడు వాటిని ముక్కూ ముక్కూ తగిలేట్టు పెట్టి అమ్ముతాం. అందమంతా అందులోనే ఉంది. సర్దుదామని చెయ్యి పెట్టబోయాను. ఈవిడ నా మణికట్టు పట్టుకుంది. "ఉండనివ్వండి" అంది. ఆ మాట ఆవిడ నోట ఎన్నిసార్లు విన్నానో. దుమ్ముంది తుడుద్దామా అంటే ఉండనివ్వండి. పగిలిన కప్పు తీసేద్దామా అంటే ఉండనివ్వండి. ఏదన్నా బాగుందనటం తక్కువ, ఉండనివ్వండి అనటం ఎక్కువ.

పెద్దావిడ కొంగున కట్టుకున్న తాళంచెవి విప్పి చేతిలో పెట్టింది. "ఎట్లా ఉన్నాయో అట్లా ఉండాల. ఒక్కటి తగ్గినా నా షోకేసు నాకు బండెక్కించి పంపెయ్" అంది.

"మాటిస్తున్నా అత్తయ్య గారూ" అంది ఈవిడ.

ఇంతలో కబురొచ్చింది. ఆ చలిదేశపు కార్యక్రమం నడిపే పెద్ద మేడమ్, తన దగ్గర చదివినవాళ్ళు ఎక్కడెక్కడ ఏం చేస్తున్నారో చూడటానికి తిరుగుతూ, విజయవాడ కూడా వస్తోందట. నచ్చితే పది షోకేసుల్నీ వాళ్ళ దేశం పట్టుకెళ్ళి ఓ సీజనంతా పెడతారట. అది జరిగితే ఈవిడ పేరు నిలబడుతుంది, ప్రూఫులు దిద్దే బాధ తప్పుతుంది, వాళ్ళమ్మకి ఏటా ఒకే ఉద్యోగం చెప్పుకునే వీలు దొరుకుతుంది. ఆ వారమంతా ఈవిడ పెన్సిలు జుట్టులో ఉండగానే పెన్సిలు వెతుక్కుంది.

ప్రదర్శన తెరిచే రోజు వచ్చింది. పెద్ద మేడమ్ పొద్దున చూసి, సాయంత్రం గన్నవరంలో విమానం ఎక్కాలి. చల్లపల్లి పెద్దావిడ చుట్టాలతో వ్యాను కట్టించుకుని సాయంత్రం వస్తానంది. ఈవిడ అతిథిని తీసుకురావటానికి హోటలుకి వెళ్తూ, ఏదైనా ప్రమాదమైతే ఉంటాయని పది తాళాల గుత్తి నాకిచ్చింది. ఆ ప్రమాదం నేనేనని ఆవిడకేం తెలుసు?

నేను గుమ్మం దగ్గర స్టూలేసుకుని కూర్చున్నాను. అగరొత్తులు వెలిగించాను. మనసు మాత్రం స్థిమితంగా లేదు. షట్టరెత్తి, దీపం పెట్టి, బోణీ కాకుండా ఎట్లా కూర్చుంటాం? ఇంత సరుకు, ఇంత వెలుతురు, మొదటి రోజు, రూపాయి బోణీ లేదు. కీడు కాదా?

అప్పుడో ఆటో ఆగింది. తెల్లజుట్టు, పొడుగాటి విదేశీ ఆవిడ దిగింది. ఎవరో దారిన పోయే టూరిస్టనుకున్నాను. పెద్ద మేడమ్ తొందరపడి తనే ఆటో ఎక్కి వచ్చేసిందనీ, ఈవిడ అక్కడ హోటల్లో ఎదురుచూస్తోందనీ తర్వాత తెలిసింది. ఆవిడ ఒక్కో షోకేసూ చూసుకుంటూ చల్లపల్లి దాని ముందు ఆగింది. కొంగల్ని చూసింది. వెనక్కి నాలుగడుగులు వేసింది. తల పక్కకి వంచింది.

నా కాళ్ళు వాటంతటవే లేచాయి. పదిహేను వందలన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. ఆవిడ ఆశ్చర్యంగా చూసి నవ్వింది. నవ్వితే సగం కొన్నట్టే. వెయ్యికి దిగాను. ఆవిడ ఆరువందలంది. ఎనిమిది వందల దగ్గర తెగింది. తాళం తీసి, కొంగల్ని దినపత్రికలో చుట్టి, నోట్లు కళ్ళకద్దుకున్నాను. తప్పు చేస్తున్నానని నాకు తోచలేదు, అసలు సంగతి అది. కొట్టు మనిషికి అరలోంచి ఒకటి పోతే స్టాకులోంచి ఒకటి వస్తుంది. అవే కొంగలు, అదే ఫ్యాక్టరీవి, మా అటక మీద ఇంకా అరడజను జతలున్నాయి. సాయంత్రంలోపు ఒకటి పెట్టేస్తే అర నిండుతుంది, బోణీ మిగులుతుంది.

కాసేపటికి ఈవిడ స్కూటరు మీద రొప్పుతూ వచ్చింది. పెద్ద మేడమ్ ఎంతో సంబరంగా పొట్లం విప్పి చూపించింది. గుమ్మంలో అగరొత్తులు వెలిగించుకుని కూర్చుని ఎగ్జిబిషన్ సరుకు అమ్మే షావుకారు కూడా ఈ ప్రదర్శనలో ఒక భాగమనుకుందట. చాలా తెలివైన ఆలోచన అని మెచ్చుకుందట. తర్వాత అంతా చూసి, చాలా నచ్చిందని చెప్పి, పెట్టె సర్దుకోవాలని పొట్లంతో సహా హోటలుకి వెళ్ళిపోయింది.

ఈవిడ నన్ను తిట్టలేదు. నా ఎదురుగా నిలబడి, వెనక్కి నాలుగడుగులు వేసి, చూసింది. షోకేసులో బొమ్మకి ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

నేను వెంటనే కొట్టుకి ఫోన్ చేసి కొత్త జత తెప్పించి అరలో పెట్టబోయాను. ఆవిడ వాటిని వెలుతురుకి పట్టి చూసింది.

"అచ్చం అవేనండీ. కానీ అవి అత్తయ్య గారు నాకిచ్చినవి బాబాయ్ గారూ. ఇవి మీరు అమ్మేవి."

పోనీ, వెనక్కి తెచ్చుకుందాం, కానీ ఎందుకో పెద్ద మేడమ్‌కి చెప్పకమ్మా అన్నాను. ఇంటివాళ్ళు మనసు మార్చుకున్నారని చెప్తే పోతుంది. నమ్మి ఇచ్చిన వస్తువు అమ్ముడైపోయిందని తెలిస్తే వాళ్ళ దేశం తీసుకెళ్తారా? ఇన్నాళ్ళ కష్టం అగరొత్తు పొగైపోతుంది.

"పోతుంది" అంది. "చెప్పకుండా తెచ్చుకుంటే ఆవిడ కళ్ళకి మీరు అమ్మి లాక్కున్న దొంగవుతారు. చెప్తే నేను అజాగ్రత్త మనిషినవుతాను. రెండోది నిజం. ఎక్కండి."

ఆవిడ స్కూటరు వెనక కూర్చుని, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో, నాకు తెలిసిన ప్రతి షావుకారూ నన్ను చూస్తుండగా హోటలుకి వెళ్ళాను. నా జీవితంలో నేనే వాపసు కోసం వెళ్ళటం అదే మొదలు.

పెద్ద మేడమ్ అంతా విని, తాళంచెవి ఎవరిచ్చారని ఒక్కటే అడిగింది. తనే ఇచ్చానని ఈవిడ చెప్పింది, నా వైపు చూడకుండా. ఆవిడ పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. ప్రదర్శన నచ్చిన మాట నిజమేననీ, వాళ్ళ దేశం తీసుకెళ్ళాలంటే ఇళ్ళ నుంచి తెచ్చిన ఏ వస్తువుకీ ఏమీ జరగలేదని తను సంతకం పెట్టాలనీ, ఇప్పుడది పెట్టలేననీ మెల్లగా చెప్పింది. ఈవిడ తలూపింది.

తర్వాత పెద్ద మేడమ్ నా వైపు తిరిగింది. నేను ఎనిమిది వందలూ చాచాను. ఆవిడ వేలు ఊపి, కాదంది. "మీరు చెప్పిన మొదటి ధర" అంది. పొద్దుట నా దగ్గర నేర్చుకున్న విద్య మధ్యాహ్నానికి నా మీదే వాడింది. పదిహేను వందలూ లెక్కపెట్టిచ్చాను. ఈవిడ పక్కకి తిరిగి నవ్వింది. ఆ నవ్వు చూశాక కాస్త ఊపిరాడింది.

వచ్చేటప్పుడు, కోపం రాలేదా అమ్మా అని అడిగాను. "వచ్చింది. రేపు మీ కొట్టుకొచ్చి చూపిస్తా" అంది. అన్నట్టే మర్నాడు వచ్చి, మా ముందు అద్దాల్లో ఉన్న నలభై వస్తువులూ తీయించి, ఒకే ఒక్క పింగాణీ చెంచాని మధ్యలో పెట్టి వెళ్ళింది. కొట్టు ఎత్తేస్తున్నారా అని జనం అడగటం మొదలుపెట్టారు. వారం ఉంచాను. అది నాకు పడ్డ జరిమానా.

ప్రదర్శన తెరిచిన ఆ సాయంత్రం చల్లపల్లి వ్యాను వచ్చేటప్పటికి కొంగలు వాటి చోట్లో ఉన్నాయి, వీపూ వీపూ పెట్టుకుని, వేలెడు తేడా లేకుండా. హమ్మయ్య అనుకున్నాను. పెద్దావిడ తన షోకేసు ముందు నిలబడి, చుట్టాలకి చూపించుకుని, మురిసిపోయింది. అప్పుడు ఈవిడ ఆవిడ పక్కకి వెళ్ళి పొద్దుట్నుంచీ జరిగింది మొత్తం చెప్పేసింది. నేను స్తంభం వెనక నుంచి వద్దు వద్దని చేతులూపుతూనే ఉన్నాను. అన్నీ సర్దుకున్నాక ఎవరైనా చెప్తారా?

పెద్దావిడ మొహంలో నవ్వు పోయింది. మిగతా తొమ్మిది ఇళ్ళవాళ్ళూ అక్కడే ఉన్నారు. ఈవిడ చెప్పటం అయిపోయింది, ఇక పెద్దావిడ మాట కోసం గొడౌనంతా ఆగింది. ఆవిడ బండి తెమ్మంటే పది బండ్లు వస్తాయి.

"ఎంతకిచ్చావయ్యా?" అంది నన్ను.

"ఎనిమిది వందలకండీ."

"నా కొంగల్ని ఎనిమిది వందలకా? మీ నాన్నయితే మూడు వేలకి తక్కువ ఇచ్చేవాడు కాదు." చుట్టాలు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఈవిడ వైపు తిరిగి, "వాడు ఆ కొత్తవి పెడితే మొహాలు ఎటు పెట్టేవాడు?" అని అడిగింది.

"ఎదురెదురుగా పెట్టబోయారండీ" అంది ఈవిడ.

"పెడతాడు. కొట్టోడు కదా." ఆవిడ అద్దం మీద వేలు ఆనించింది. "మా ఆయనకీ నాకూ ఓసారి మాటల్లేవే అమ్మాయ్. పొలం అమ్ముతానంటే నేను వద్దన్నా. ఆ కోపంలో వీటిని ఇట్లా తిప్పా, ఆయన చూడాలని. మాటలు కలిశాక మళ్ళీ తిప్పటం మర్చిపోయా. ఆయనేమో, ఏవే, ఇంకా కోపం పోలేదా అని వీటిని చూపించి ఆటపట్టించేవాడు. ఇక తిప్పితే ఆ మాట పోతదని తిప్పలేదు." అద్దం మీంచి వేలు తీసింది. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. చెప్పావు కాబట్టి ఉంచుతున్నా. తాళం మాత్రం ఈయనకివ్వబాక."

ఆ నెల్లాళ్ళూ గొడౌను కళకళలాడింది. ఆడవాళ్ళు ఆటోలు కట్టించుకుని వచ్చారు. అవతలివాళ్ళ షోకేసు ముందు నిలబడి, ఆ ఏనుగు అక్కడెందుకు పెట్టిందో, మనమైతే కింది అరలో పెడతామని వాదించుకున్నారు. ఎవరికీ మెడనొప్పి రాలేదు. ఆ ఆదివారం వీడియోలో ఈవిడ తన బ్యాచ్‌కి కొంగల కథ చెప్తే బేకరీ ఆయన పడీ పడీ నవ్వాడు. మ్యూజియం ఆవిడ నవ్వలేదు. తన చేతిలో కూడా ఓసారి ఒకటి పోయిందట. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదట.

ఇప్పుడు ఈవిడకి వేరే ఊళ్ళో, సముద్రం పక్కన, కొత్తగా కడుతున్న మ్యూజియంలో ఉద్యోగం. ఇళ్ళల్లోంచి వస్తువులు అడిగి తెచ్చి పెట్టే మ్యూజియం అట. వస్తువులిచ్చేవాళ్ళు నమ్మే మనిషి కావాలని వాళ్ళు వెతుకుతుంటే, చలిదేశం నుంచి పెద్ద మేడమ్ ఈవిడ పేరు చెప్పింది. చెప్పేటప్పుడు కొంగల కథ కూడా చెప్పిందట. ఆ చలిదేశపు కార్యక్రమంలో కొత్తగా చేరేవాళ్ళకి మొదటి పాఠంలోనే, తాళంచెవి ఎవరి చేతికివ్వకూడదు అన్న చోట, నేను వస్తానట. మా వంశంలో విదేశాలు చేరింది నేనొక్కణ్ణే. గుణదల తల్లిగారు మాత్రం ఈ యేడు తిరునాళ్ళలో చుట్టాలు అడక్కముందే చెప్పుకుంటూ తిరిగింది.

ఖాళీ చేసే రోజు ఈవిడ ఫైనల్ బిల్లు అడిగింది. మొహమాటం లేకుండా, ఉన్నదున్నట్టు కాగితం మీద వెయ్యమంది. కూర్చుని వేశాను.

అద్దెలో మూడేళ్ళపాటు నేను వదులుకున్నది, టైర్ల డీలరు మాటతో పోల్చి. ఆ అంకె చూస్తే తాత లేచొస్తాడు. కొంగల వాపసులో ఏడువందలు. పింగాణీ చెంచా వారంలో పోయిన గిరాకీ. ప్రదర్శన చూసొచ్చిన ఆడవాళ్ళతో కొట్టు వ్యాపారం పెరిగిందని రాయాలని చెయ్యి లాగింది గానీ, పెరగలేదు. వచ్చారు, ప్రతిదీ తిరగేసి చూశారు, ఇది మా ఇంట్లో ఉందని పెట్టేసి వెళ్ళారు. జమ కింద, కొత్త కొంగల జత. అది అమ్మబుద్ధి కాక ఇంటికి తీసుకెళ్తే మా ఆవిడ టీవీ పక్కన పెట్టింది. నేను గుమ్మంలోంచే వాటి మొహాలు ఎటున్నాయో చూసుకుని, దాన్నిబట్టి లోపలికి అడుగు పెడతాను. ఉపయోగకరమైన వస్తువే, కానీ అమ్ముడుపోని సరుకు జమలోకి రాదు. కూడి తీసేస్తే తేలింది నష్టం. వడ్డీ వెయ్యలేదు.

ఆవిడ కాగితం పట్టుకుని, వెనక్కి నాలుగడుగులు వేసి చదివింది. "మేకులు వెయ్యలేదేం? గోడంతా పాడుచేశానుగా. అడ్వాన్సులో పట్టుకోండి" అంది.

"ఉండనివ్వమ్మా" అన్నాను.

పోయిన వారం పరుపుల వ్యాపారికి కూడా అదే చెప్పాను. మేకులు పీకనివ్వకపోతే అద్దెలో వెయ్యి తగ్గించమన్నాడు. తగ్గించాను. అది కూడా బిల్లులో కలుపుకోవాలి.